నాలుగూ పదికి వచ్చే దిద్దుబాటు

“పోయినవాళ్ళకి కళ్ళజోడు చేస్తారా?”

మధ్యాహ్నం మూడున్నర. బయట వాన పడీ పడనట్టు నసుగుతోంది. కళ్ళజోళ్ళ దుకాణంలోకి వచ్చిన అమ్మాయి, గొడుగైనా ముడవకుండా అడిగిన మొదటి మాట ఇది.

లోపల అద్దం అరగదీస్తున్న కుర్రాడికి ముందు మాట అర్థం కాలేదు, గొంతు అర్థమైంది. ఆ గొంతు అతనికి రెండేళ్ళుగా తెలుసు. రోజూ పొద్దునా సాయంత్రం మెట్రో రైల్లో, తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి, జాగ్రత్తగా దిగండి అని చెప్పేది ఆ గొంతే. అలవాటు కొద్దీ అతను ఎడమవైపుకి చూశాడు. అక్కడ గోడ ఉంది.

“ఎవరికండీ?”

“మా తాతయ్యకి. పోయి ఇరవై రెండు రోజులైంది. అక్షరాలు అస్సలు కనపడటం లేదంటున్నారు.”

చెప్పడంలో వణుకూ లేదు, నవ్వూ లేదు. తరువాతి స్టేషన్ పేరు చెప్పినంత మామూలుగా చెప్పింది. గోడల నిండా వేలాడుతున్న నాలుగొందల ఖాళీ ఫ్రేములూ ఒక్కసారిగా తనవైపే చూస్తున్నట్టనిపించింది అతనికి. రోజూ తన చేత్తో తుడిచే ఫ్రేములే అవి.

గొంతు సవరించుకుని, కళ్ళు పరీక్ష చేయకుండా అద్దాలివ్వడం తమ దుకాణం పద్ధతి కాదని చెప్పాడు. పోయినవాళ్ళకి ఆ పద్ధతి ఎలా వర్తిస్తుందో అతనికే తెలియదు. ఆమె సంచిలోంచి పాత కళ్ళజోడు ఒకటి తీసి బల్లమీద పెట్టింది. గుండ్రటి ఫ్రేము. ఎడమ కీలు విరిగిపోతే నల్లదారం చుట్టినట్టున్నారు.

“అయితే మీరే ఇంటికి రండి,” అని చీటీ మీద చిరునామా రాసిచ్చింది. “నాలుగింటిలోపే రావాలి. నాలుగూ పదికి ఆయన తలుపేసుకుంటారు.”

వెళ్ళిపోయింది. గొడుగు నుంచి కారిన నీళ్ళు గడప దగ్గర మడుగు కట్టాయి. మడుగు ఉంది కాబట్టి మనిషి కూడా ఉండే ఉంటుందని అతను తనకు తాను ధైర్యం చెప్పుకున్నాడు.

ఇక్కడ ఈ కుర్రాడి గురించి కొంచెం చెప్పుకోవాలి. ఇరవై ఏడేళ్ళవాడు, మంచి పనివాడు, నోట్లో నాలుక లేనివాడు. తల్లి కొన్న చొక్కా నచ్చలేదని చెప్పడానికి మూడు రోజులు ఆలోచించి, నాలుగో రోజు ఆ చొక్కానే వేసుకుంటాడు. అయితే గిరాకీ లేని మధ్యాహ్నాల్లో దుకాణం కంప్యూటర్ ముందు కూర్చున్నాడంటే మాత్రం వేరే మనిషి. అందరూ కలిసి రాసుకునే ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో, కోటి మంది ఉన్న ఈ మహానగరం మీది వ్యాసానికి అతనే కాపలా. అక్కడ అతను పెట్టుకున్న పేరు చండశాసనుడు. ఇంట్లో పిల్లి, వ్యాసంలో పులి.

ఆ వ్యాసాన్ని మేలైన వ్యాసాల జాబితాలోకి ఎక్కించాలని ఏడాదిన్నరగా తంటాలు పడుతున్నాడు. వంతెనల పొడవు, వానల లెక్క, మంచినీటి గొట్టాలు ఎక్కడినుంచి ఎక్కడికి పోతాయన్నది, ప్రతి వాక్యం వెనకా అచ్చయిన ఆధారం ఒకటి ఉండాలి. నేను చూశాను, మా మావయ్య చెప్పాడు అంటే అక్కడ చెల్లదు. ఆధారం లేని వాక్యం అతనికి పంటికింద రాయి. ఊరుకోడు.

అలా తీసి పడేసిన వాటిల్లో గడియార స్తంభం గురించిన వాక్యం ఒకటి. “పడమటి ముఖం రెండు నిమిషాలు ముందు నడిచేది, స్టేషన్‌కి పరిగెత్తేవాళ్ళ కోసం.” దాన్ని రాసింది పెద్దముల్లు అనే పేరుగల సభ్యుడు, ఫోటోని బట్టి ముసలాయన. చండశాసనుడు తీసేశాడు. ఆయన మళ్ళీ పెట్టాడు. ఇలా పదకొండు సార్లు. పదకొండోసారి తీసేస్తూ, “ఇది కథలు రాసుకునే చోటు కాదు” అని కారణం కూడా రాశాడు.

తర్వాత వారానికి దినపత్రికలో చిన్న వార్త పడింది. గడియార స్తంభం పాత మేస్త్రీ కన్నుమూత. పక్కన ఫోటో, పెద్దముల్లు పేజీలో ఉన్న మనిషిదే. విజ్ఞాన సర్వస్వం వాళ్ళకి ఒక ఆచారం ఉంది. రాసే సభ్యుడు పోతే ఆయన పేజీకి నల్ల అంచు వేసి, ఈ సభ్యుడు ఇక లేరు అని పెట్టి, ఆ పేరుతో ఇంకెవరూ రాయకుండా ఖాతాకి తాళం వేయిస్తారు. ఆధారం చేతిలో ఉంది కనుక ఆ పని చండశాసనుడే చేశాడు. పత్రిక తేదీ, పేజీ నంబరు కూడా జతచేశాడు. ముందు తను రాసిన కారణం గుర్తొచ్చి ఆ పూట అతనికి టీ సహించలేదు.

మర్నాటి నుంచి మొదలైంది.

రోజూ సాయంత్రం సరిగ్గా నాలుగూ పదికి ఆ వాక్యం వ్యాసంలోకి తిరిగొచ్చేది. ఖాతా లేకుండా రాసేవాళ్ళకి పేరు పడదు, వాళ్ళ ఇంటి ఇంటర్నెట్ అంకెలు పడతాయి. ఇక్కడా అంతే, రోజూ అవే అంకెలు. అతను తీసేసేవాడు. మర్నాడు నాలుగూ పదికి మళ్ళీ ప్రత్యక్షం, ఒక్కోసారి చిన్న తోకతో. “అలా పెట్టింది ఇద్దరు.” ఇంకో రోజు, “ఇద్దరిలో ఒకడు పోయాడు.” మొన్న, “పోయినవాడు ఇంకా చెబుతున్నాడు.”

ఎవరో పనిలేని ఆకతాయి అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆ సాయంత్రం కూడా అలాగే అనుకుంటూ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నాలుగూ పదయింది. కొత్త దిద్దుబాటు పడింది. “రెండు నిమిషాలు. అంతే కదా అడిగింది.”

ఏం తోచిందో ఏమో, పెద్దముల్లు పేజీ తెరిచాడు. నల్ల అంచు మధ్యన ముసలాయన నవ్వుతున్నాడు. గుండ్రటి కళ్ళజోడు. ఎడమ కీలుకి నల్లదారం.

అదే కళ్ళజోడు బల్లమీద, అతని చేతికి జానెడు దూరంలో ఉంది. ఆ రోజు దుకాణం గంట ముందే మూసేశాడు.

మర్నాడు అద్దాలు తుడవమంటే తుడిచిన అద్దాన్నే తుడుస్తున్న కొడుకుని చూసి తల్లికి అనుమానం వచ్చింది. గల్లాపెట్టె వెనక కూర్చుని ఊళ్ళోవాళ్ళ కళ్ళన్నీ చదివే మనిషి ఆమె. ఏమిటని అడిగితే, ఒకరి ఇంటికి వెళ్ళి కళ్ళు పరీక్ష చేయాలన్నాడు. ఎవరింటికి అంటే, మెట్రో రైల్లో మాట్లాడే అమ్మాయి వాళ్ళింటికి అన్నాడు.

“రైలమ్మాయా?” అని తల్లి అతన్ని పైనుంచి కిందికి చూసింది. “ఊరంతటినీ దిద్దుతావు, నీ చొక్కా గుండీలు ఒకటి కిందికి ఒకటి పైకి పెట్టుకున్నావు. అవి దిద్దుకుని వెళ్ళు నాన్నా.”

ఇల్లు గడియార స్తంభం వెనక సందులో, మూడో అంతస్తులో. స్తంభాన్ని దాటుతూ అతను పడమటి ముఖం కేసి చూశాడు. ఆరేళ్ళ కిందట నాలుగు ముఖాలకీ కరెంటు పెట్టేశారు. ఇప్పుడు నాలుగూ ఒక్క సెకను తేడా లేకుండా ఒకే మాట చెబుతాయి. ఇక్కడ చూసి తేల్చుకునేది ఏమీ లేదు.

రైలమ్మాయి తలుపు తీసింది. ముందు గది గోడల మీద ముప్ఫై దాకా గడియారాలున్నాయి. ఒక్కటీ నడవడం లేదు. అన్ని గడియారాలున్న గదిలో అంత నిశ్శబ్దాన్ని అతను ఎప్పుడూ వినలేదు.

“పోయినప్పటి నుంచి తాతయ్య వీటికి కీ ఇవ్వడం మానేశారు,” అంది. “కూర్చోండి, చండశాసనుడు గారూ.”

అతను కూర్చోబోయినవాడు మళ్ళీ లేచాడు.

“మీ పేజీలో దుకాణం ఫోటో పెట్టుకున్నారు కదా, బోర్డుతో సహా. బతికున్న మనిషిని చంపి, పేజీ నంబరు కూడా వేసిన మహానుభావుడు ఎలా ఉంటాడో చూద్దామని వచ్చాను. కాస్త భయపెడదామని కూడా అనుకున్నాను. మీరు ఇంత బాగా భయపడతారనుకోలేదు.”

బతికున్న మనిషి. ఆ మాటకి అతనికి ప్రాణం లేచివచ్చింది, వెంటనే సిగ్గుతో చచ్చిపోయింది. అసలు సంగతి ఆమె చెప్పింది. గడియార స్తంభంలో పనిచేసినవాళ్ళు ఇద్దరు. పొడుగాయన పెద్దముల్లు, పొట్టాయన చిన్నముల్లు, తోటివాళ్ళు పెట్టిన పేర్లు. నలభై ఏళ్ళు ఒకే నిచ్చెన ఎక్కారు. పని మానేశాక కూడా చిన్నముల్లు రోజూ నాలుగూ పదికి ఈ ఇంటికొచ్చి టీ తాగి వెళ్ళేవాడు. పోయింది ఆయన. పత్రికవాళ్ళు ఇద్దరూ కలిసి దిగిన పాత ఫోటోలో తప్పు సగం కత్తిరించి వేశారు.

తప్పయిందని అతను రెండు చేతులూ జోడించాడు. ఆ తర్వాత కొంచెం తేరుకుని, భయపెట్టడం మాత్రం అద్భుతంగా చేశారని, ముఖ్యంగా రోజూ వచ్చే ఆ నాలుగూ పది దిద్దుబాట్లు తలుచుకుని నిన్న తన ఒళ్ళు గగుర్పొడిచిందని ఒప్పుకున్నాడు.

రైలమ్మాయి ముఖంలో నవ్వు ఆగిపోయింది. “ఏ దిద్దుబాట్లు?”

“రోజూ సాయంత్రం మీరు రాసేవి.”

“రోజూ ఆ టైంలో నేను రికార్డింగ్ గదిలో ఉంటాను. ఇవాళ మీకోసం సెలవు పెట్టాను. నేనేమీ రాయలేదు.”

లోపలి గది తలుపు మూసుకున్న చప్పుడైంది. అతను ఫోన్ చూశాడు. నాలుగూ తొమ్మిది.

ఇద్దరూ తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. లోపల తాతయ్య ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఒక మాట అడగడం, ఆగడం, అవతలివాళ్ళు చెప్పింది విన్నట్టు ఊఁ కొట్టడం, చిన్నగా నవ్వడం. తర్వాత కీబోర్డు మీద ఒక్కొక్క వేలే వెతుక్కుంటూ పడుతున్న చప్పుడు. చండశాసనుడు ఫోన్‌లో వ్యాసం తెరిచాడు. నాలుగూ పది. చప్పుడు ఆగింది. వాక్యం వచ్చింది.

రైలమ్మాయి అతని చొక్కా చేతిని పట్టుకుంది. పట్టుకున్న సంగతి ఆమెకి తెలియదు, అతనికి బాగా తెలుసు. ఇంత భయంలోనూ ఆ సంగతి విడిగా ఎలా తెలుస్తోందో అని ఆశ్చర్యపోయాడు.

తలుపు తోశారు. తాతయ్య ముక్కు తెరకి ఆనించి కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఇంకో కుర్చీ, ఖాళీ. మధ్య బల్లమీద రెండు టీ కప్పులు.

“నువ్వేనా చండశాసనుడివి?” అన్నాడు, సంగతి విన్నాక. “లావుగా ఉంటావనుకున్నాను.”

అతను తలవంచుకుని నిలబడ్డాడు. తిడితే బాగుండుననిపించింది. తాతయ్య తిట్టలేదు.

“వాడు పోయిన మర్నాడు పేపర్లో నా ఫోటో చూశాను. కోపం వచ్చింది. సాయంత్రానికి నువ్వేసిన నల్ల అంచు చూశాను. అప్పుడొకటి తోచింది బాబూ. పోయింది నేనైతే వాడు ఉన్నట్టే కదా. పేపరు అదే అంటోంది, మీ పుస్తకం అదే అంటోంది. నేనొక్కణ్ణే కాదని ఎందుకనాలి?”

“తాతయ్యా,” అంది రైలమ్మాయి.

“వాడు ఒకే ఒక్కటి అడిగాడు. మన పేర్లు వద్దురా, ఆ రెండు నిమిషాల సంగతి ఊరి పేజీలో ఉంటే చాలు అన్నాడు. పదకొండు సార్లు పెట్టాను. పన్నెండోది వాడు చూడలేదు.” ఖాళీ కుర్చీ వైపు తిరిగాడు. “ఇప్పుడు వాడు చెబుతాడు, నేను రాస్తాను. ఆ మాట ఎక్కి నిలబడనీ. ఆ రోజు వాడు పోయాడని ఒప్పుకుంటాను. కళ్ళజోడు పెట్టుకుంటాను. అందాకా నేను లేను.”

మెట్లు దిగుతూ రైలమ్మాయి చెప్పింది. ఈ నెలలో తాతయ్య ఇవే మెట్లమీద రెండుసార్లు పడ్డాడట. కళ్ళజోడు లేకుండా మూడోసారి పడితే ఏమవుతుందో డాక్టరు చెప్పాడట. ఆమెకి తాతయ్య తప్ప ఇంట్లో ఎవరూ లేరు. మీరు ఆ వాక్యం తీసేయకుండా ఊరుకుంటే చాలదా అని అడిగింది.

“నేను ఊరుకుంటే ఇంకొకరు తీసేస్తారండీ,” అన్నాడు. “ఆధారం ఉంటేనే నిలబడుతుంది. వెతుకుతాను.”

“వెతుకుదాం,” అంది. నాలుగు మెట్లు దిగాక ఆగింది. “ఒకటి గమనించారా? రెండు కప్పులూ ఖాళీ. తాతయ్య రోజుకి ఒక్క కప్పే తాగుతారు.”

ఆ మాటకి అతను ఏ జవాబు చెప్పినా దానికి ఆధారం ఉండేది కాదు.

తాతయ్య ఇచ్చిన ఆనవాలు ఒక్కటే. పడమటి గడియారం మీద ఎవరో పత్రికకి ఫిర్యాదు ఉత్తరం రాశారని, చిన్నముల్లు దాన్ని తలుచుకుని నవ్వేవాడని. ఎప్పుడంటే, రైలమ్మాయి తల్లి పుట్టిన ఏడాదికి అటూ ఇటూగా. అంటే మూడేళ్ళ పత్రికలు. నగర గ్రంథాలయం నేలమాళిగలో తలగడంత లావున బైండు చేసి పెట్టారు వాటిని. ఒక్కో నెలకి ఒకటి.

ఐదు రోజులు వెతికారు. పదకొండు నుంచి మూడింటి దాకా తల్లి దుకాణం చూసుకుంది. రైలమ్మాయి రికార్డింగులన్నీ పొద్దుటికి మార్చుకుంది. నేలమాళిగలో మనుషులు కదలకపోతే దీపాలు వాటంతటవే ఆరిపోతాయి. ఉత్తరాలు చదువుతూ ఇద్దరూ కదలడం మరిచిపోతే, అరల చివరినుంచి ఒక్కొక్కటే ఆరుకుంటూ చీకటి దగ్గరికొచ్చేది. అప్పుడు ఆమె చెయ్యి ఊపేది. దీపాలు వెలిగేవి. ఒకసారి ఇద్దరూ కదలకుండానే అవతలి వరసలో దీపం వెలిగింది. అక్కడెవరూ లేరు. ఆ తర్వాత ఆమె కుర్చీ అతని కుర్చీకి దగ్గరగా జరిగింది.

నిద్ర రాకుండా ఆమె పాత వార్తల్ని రైలు గొంతుతో చదివేది. తరువాతి వార్త, కూరగాయల ధరలు, పెరుగుదల కుడివైపు. అతను నవ్వేవాడు. యాభై ఏళ్ళ కిందటి దుమ్ము ఇద్దరి ముక్కులకీ అంటుకునేది.

మూడో రోజు అతను కొంచెం ధైర్యం చేశాడు. “మీరు నన్ను చూసినప్పుడల్లా తల కాస్త కుడివైపుకి వంచుతారు.”

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. “అది కూడా గమనించారా?”

“ఎడమ కంటికి పవర్ ఉన్నట్టుంది. ఒకసారి దుకాణానికొస్తే చూస్తాను.”

ఆ పూటంతా ఆమె అతనితో మాట్లాడలేదు. తను ఏం తప్పు మాట్లాడాడో అతనికి సాయంత్రం దాకా అర్థం కాలేదు. అర్థమయ్యాక రాత్రి భోజనం దగ్గర నెత్తి కొట్టుకుంటే తల్లి ఎందుకని అడగను కూడా లేదు.

ఐదో రోజు దొరికింది. చీమతలకాయంత అక్షరాలు, అతని కంటికి కనబడ్డాయి. ఒక పెద్దమనిషి సంపాదకుడికి రాసిన ఉత్తరం. స్తంభం పడమటి గడియారం రెండు నిమిషాలు ముందు నడుస్తోందనీ, మూడుసార్లు ఫిర్యాదు చేస్తే మేస్త్రీలిద్దరూ సరిచేశామంటారు గానీ మర్నాటికి మళ్ళీ ముందే ఉంటోందనీ, ఇది కావాలని చేస్తున్న పనేననీ. ఎగిరి గంతేయబోయాడు. రైలమ్మాయి పేజీ తిప్పింది. వారం తర్వాతి సంచికలో ఆ ఉత్తరానికి ఇంకో పాఠకురాలి జవాబు ఉంది. ఆమె పైకి చదివింది.

“ఆ గడియారాన్ని దయచేసి సరిచేయవద్దు. అది చూసి ఆలస్యమైందని పరిగెత్తాను. రైలు అందింది. మా నాన్నని చివరిసారి చూడగలిగాను. ఆ రెండు నిమిషాలు ఎవరు పెట్టారో వారికి నా నమస్కారం.”

చివరి మాట దగ్గర ఆ గొంతు వణికింది. ఏ స్టేషన్ దగ్గరా తొణకని గొంతు అది. దీపాలు ఒక్కొక్కటే ఆరుతూ వచ్చాయి. ఈసారి ఇద్దరిలో ఎవరూ చెయ్యి ఊపలేదు.

బయటికొచ్చేసరికి వాన నసగడం మానేసి దంచేస్తోంది. గొడుగు ఒకటే. గ్రంథాలయం మెట్లమీద నిలబడి అతను ఫోన్‌లోనే వాక్యం రాశాడు. తన పేరుతోనే, చండశాసనుడు. పత్రిక, తేదీ, పేజీ, రెండు ఉత్తరాలూ. కారణం అన్న చోట కాసేపు ఆగి, “ముందు తీసేసింది నేనే. నా తప్పు” అని రాసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

“ఇంకో మాట ఉందండీ,” అన్నాడు. “దీనికి ఆధారం లేదు.”

“చెప్పండి.”

“మీరంటే నాకు ఇష్టం. రెండేళ్ళుగా మీ గొంతు వింటే రోజు బాగా మొదలైనట్టుండేది. ఇప్పుడు మీరు పక్కన లేకపోతే రోజే మొదలవడం లేదు.”

ఆమె వానకేసి చూస్తూ విన్నది. తల కుడివైపుకి వంచి, అతన్ని చూసింది. ఈసారి అతను పవర్ గురించి ఎత్తలేదు.

“ఇది స్వంత పరిజ్ఞానం,” అంది. “చెల్లదు. ఎవరైనా పెద్దమనిషి మాట ఆధారంగా తెచ్చుకోండి.” అని గొడుగు విప్పి, సగం అతని మీదికి జరిపింది.

తాతయ్య మాట తప్పలేదు. ఆ సాయంత్రం మనవరాలు రెండు ఉత్తరాలూ చదివి వినిపిస్తే కళ్ళు మూసుకుని విన్నాడు. వ్యాసంలో వాక్యం నిలబడిందా అని మూడుసార్లు అడిగాడు. తర్వాత ఏడ్చాడు. స్నేహితుడు పోయిన ఇన్ని రోజులకి అదే మొదటి ఏడుపు. మర్నాడు కళ్ళ పరీక్షకి వస్తానన్నాడు. ఆ మర్నాడు పత్రిక ఆఫీసుకి వెళ్ళి, ఇదిగో ఉన్నానని కనబడి సవరణ వేయించుకోవాలని, దాన్ని ఆధారంగా చూపించి నల్ల అంచు తీయించాలని అనుకున్నారు. అచ్చులో పడిన చావు కదా, అచ్చుతోనే పోవాలి.

మర్నాడు తాతయ్యా మనవరాలూ దుకాణానికి వచ్చేసరికి నాలుగు కావస్తోంది. ఇన్నేళ్ళలో నాలుగూ పదికి తాతయ్య ఇంట్లో గానీ స్తంభంలో గానీ లేకపోవడం ఇదే మొదలు. వచ్చేముందు రైలమ్మాయే ఇంటికి తాళం వేసి తాళంచెవి తన సంచిలో వేసుకుంది. వాడికి చెప్పే వచ్చానని తాతయ్య ఒకటికి రెండుసార్లు అన్నాడు.

చీకటి గదిలో పెద్ద కుర్చీ. ఎదురుగా వెలుగుతున్న అక్షరాల పలక. చండశాసనుడు తాతయ్య ముక్కుమీద పరీక్ష ఫ్రేము పెట్టి అద్దాలు మారుస్తున్నాడు. ఇది బాగుందా, ఇదా. ఇదా, ముందుదా. పై వరస వచ్చింది. రెండోది వచ్చింది. తల్లి గుమ్మంలో నిలబడి చూస్తోంది. రైలమ్మాయి కుర్చీ పక్కన నిలబడింది.

ఇంకో అద్దం పడగానే తాతయ్య పలక చదవడం మానేసి తల తిప్పాడు. మనవరాలిని చూశాడు, అతన్ని చూశాడు, మళ్ళీ మనవరాలిని చూశాడు.

“ఈ అద్దం బాగా పనిచేస్తోందమ్మా,” అన్నాడు గుమ్మంలో ఉన్న తల్లితో. “మా పిల్ల మీ అబ్బాయిని ఎలా చూస్తోందో ఇక్కణ్ణించే కనబడుతోంది. మీ అబ్బాయి చేతిలో అద్దం తలకిందులుగా ఉంది, అదీ కనబడుతోంది.”

“నాకు అద్దాలు లేకుండానే వారం రోజుల్నించీ కనబడుతోందండీ,” అంది తల్లి. “మీరు సరేనంటే నాకింతకంటే ఏం కావాలి?”

“నేను సరేననే అంటున్నాను. ఏం బాబూ, నా మాట ఆధారంగా పనికొస్తుందా?”

అతను చేతిలోని అద్దాన్ని సరిగ్గా తిప్పి పట్టుకుని, రైలమ్మాయి వైపు చూశాడు. ఆమె చీకట్లో ముఖం దాచుకుని, పనికొస్తుందన్నట్టు తల ఊపింది. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలేమో అని తల్లి ఎగతాళి చేసింది.

అప్పుడే బయట బల్లమీద కంప్యూటర్ చిన్నగా మోగింది. తన కాపలాలో ఉన్న పేజీల్లో ఎవరైనా చెయ్యి పెడితే మోగేలా అతను పెట్టుకున్న గంట అది.

అతను వెళ్ళి చూశాడు. వెనకే రైలమ్మాయి వచ్చింది. దిద్దుబాటు పడింది నగరం వ్యాసంలో కాదు. పెద్దముల్లు సభ్యుని పేజీలో. ఎవరో నల్ల అంచు తీసేశారు. ఈ సభ్యుడు ఇక లేరు అన్న మాట తీసేశారు. కారణం అన్న చోట ఒక వరస ఉంది.

“వీడు బతికే ఉన్నాడు. నాకు కనిపిస్తున్నాడు.”

పేరు లేదు. అంకెలు మాత్రం ఉన్నాయి. అవే అంకెలు, తాతయ్య ఇంటివి. సమయం నాలుగూ పది.

రైలమ్మాయి సంచిలో చెయ్యిపెట్టి తడుముకుంది. తాళంచెవి చేతికి తగిలింది. గోడమీది నాలుగొందల ఫ్రేములూ చప్పుడు లేకుండా చూస్తున్నాయి. అతని చెయ్యి అలవాటుగా దిద్దుబాటు తీసేసే మీట మీదికి వెళ్ళింది. పేరు లేనివాడు, ఆధారం లేని మాట, తన కళ్ళతో చూశానంటున్నాడు. ఇలాంటివి ఇప్పటిదాకా వేలకొద్దీ తీసేశాడు. ఒక్క వేలు నొక్కితే పోతుంది.

“తీసేస్తారా?” అంది ఆమె మెల్లగా. చేతిని పట్టుకుంది. ఈసారి పట్టుకున్న సంగతి ఇద్దరికీ తెలుసు.

అతను మీట మీంచి వేలు తీసేశాడు.

చీకటి గదిలోంచి తాతయ్య గొంతు వినిపించింది. “నాలుగూ పదయిందా?”

“అయింది తాతయ్యా,” అంది రైలమ్మాయి.

తర్వాత ముసలాయన అడిగాడు, ఆ జవాబు కోసమే ఇంతదూరం వచ్చినట్టు.

“వచ్చాడా?”

చండశాసనుడు తెరకేసి చూశాడు. జీవితంలో మొదటిసారి, చేతిలో అచ్చుకాగితం ముక్క ఒక్కటైనా లేకుండా జవాబు చెప్పాడు.

“వచ్చారు, తాతయ్యా.”